తలుపు కింద నుంచి వచ్చిన కాగితం

“ముందు ఇది రాసిందెవరో చూడాలి. తర్వాత ఎవరికోసం రాసిందో చూడాలి. ఆ రెండూ తేలితే గాని లోపలి సరుకు నమ్మకూడదు,” అన్నాడు తాత, కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టి.

కొడుకూ కోడలూ ఆయనకి ఎదురుగా కూర్చున్నారు. ఆదివారం మధ్యాహ్నం, మూడు దాటింది. నాలుగు నెలల పసివాడు వెనక గదిలో ఉయ్యాల్లో ఉన్నాడు. ఈ ముగ్గురూ మాట్లాడుకుంటే పక్క వీధికి కూడా పంచాయితీ తెలుస్తుంది కనక, వాడి నిద్ర చెడకుండా తలుపు మూసి ఉంచారు.

ఏదో పత్రికలోంచి కత్తిరించిన వ్యాసం అది. బిడ్డ పిలుపుకి పలికే పెంపకం గురించి. వారం రోజుల్లో తలుపు కింద నుంచి ఇంట్లోకి దూరడం ఇది మూడోసారి. మొదటి రెండింటితో తాత కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఈసారి ఎవరో ఒక వాక్యం కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసి మరీ తోశారు. అందుకని కోడలు దాన్ని మామగారి చేతిలో పెట్టి, చదివి నిజమో కాదో తేల్చమంది.

ఆమె కంగారు ఆమెది. రేపు ఆసుపత్రిలో తూకం. కిందటిసారి పిల్లాడు పావుకిలో తగ్గాడు. నర్సు మూతికి గుడ్డ కట్టుకుని ఏమేమో చెప్పింది గాని కోడలికి ఒక్క ముక్క అందలేదు. చివరికి చీటీ మీద రాసిచ్చింది: ఈసారీ పెరగకపోతే వార్డులో చేర్చుకుంటాం.

“రాసింది డాక్టరమ్మ,” అన్నాడు తాత. “పేరు చిన్నది, పేరు వెనకున్న చదువులు రైలంత. ఫోటో కూడా వేశారు. ఒళ్ళో పిల్ల లేదు, పిల్లాడు లేడు. పిల్లి కూడా లేదు.”

“ఫోటోకి పిల్లల్ని ఎత్తుకెళ్తారా నాన్నా?” అన్నాడు కొడుకు.

“వంటవాడి ఫోటోలో గరిటె ఉండదూ?”

ఇక ఎవరికోసం రాసిందంటే, అదీ తాతకి క్షణంలో తేలిపోయింది. ఊగే కుర్చీలో కూర్చుని పాడమంది, పిల్లాడి గదిలో నీలం దీపం పెట్టమంది. ఊగే కుర్చీలున్నవాళ్ళకి రాసింది మరమగ్గాలవాళ్ళకి ఎలా సరిపోతుందన్నాడు. ఆయన నలభై ఏళ్ళు మరమగ్గాల షెడ్డులోనే పనిచేశాడు. కొడుకు ఇప్పటికీ అక్కడే మేస్త్రీ. కోడలు పదహారో ఏట దారాలు అతకడానికి చేరి, మొన్న కాన్పు దాకా చెవులు చిల్లులుపడే ఆ మగ్గాల మోత మధ్యే తిరిగింది. ఆ షెడ్డు మీద ఓసారి పిడుగు పడిందనీ, అప్పటి మేస్త్రీ తల కూడా ఎత్తకుండా ‘దారం తెంపింది ఎవర్రా?’ అన్నాడనీ తాత చెబుతుంటాడు. ఇప్పుడూ చెప్పబోయాడు. కోడలి ముఖం చూసి మానుకున్నాడు.

కొడుకు కాగితం తీసుకుని పైకి చదివాడు. ఈ వయసు పిల్లలు రోజుకి రెండు మూడు గంటలు ఏడుస్తారట. ఏడుపే వాళ్ళ మాటట. ఎర్రగీతల వాక్యం మాత్రం రెండుసార్లు చదివాడు: “గడియారం చూసి కాదు, బిడ్డ అడిగినప్పుడు పాలివ్వండి.”

“దొరికింది అబద్ధం,” అన్నాడు తాత. “రోజుకి మూడు గంటలట. మన మునిగారు పుట్టాక ఎప్పుడైనా ఏడ్చాడా?”

లేదు. అందుకే వాడికి ఆ పేరు. పడుకోబెడితే పడుకుంటాడు, ఎత్తుకుంటే తేరిపార చూస్తాడు. తల్లే దిండు కింద అదిరే అలారం పెట్టుకుని, నాలుగు గంటలకోసారి లేచి వెళ్ళి పాలిస్తుంది. వెళ్ళేసరికి వాడి పక్కగుడ్డ తడిసి ఉంటుంది. అది చొంగేననీ, పళ్ళు త్వరగా వస్తాయనీ తాత జోస్యం చెప్పాడు. కళ్ళెర్రబడటం మాత్రం వాళ్ళ నాయనమ్మ పోలికట.

కోడలు తల వంచుకుని ఏదో అంది.

“కింద చూస్తూ కాదమ్మా, నా ముఖం చూసి చెప్పు,” అన్నాడు తాత.

ఆమె తలెత్తింది. “ఇందులో ఉన్నది నిజమైతే బాగుండునని ఉంది మామయ్యా. అడిగినప్పుడు ఇమ్మంటోంది. పగలూ రాత్రీ ఇవ్వమన్నా ఇస్తాను. వాడు అడగడు గదా. అడగని బిడ్డకి ఆకలెప్పుడో నాకెలా తెలుస్తుంది?”

తాత కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

అంతలో కాళ్ళ కింద నేల మూడుసార్లు అదిరింది.

“కిందాయన మొదలెట్టాడు,” అన్నాడు కొడుకు, అలవాటైన విసుగుతో. కింది వాటాలో తాళాలు బాగుచేసే మనిషి ఉన్నాడు. ఎప్పుడు చూసినా కర్రతో ఇంటి కప్పు పొడుస్తుంటాడు. మొన్న పైకొచ్చి గడపలో నిలబడి పెదాలు కదిలించాడు. గొణక్కుండా చెప్పవయ్యా అంటే, రెండు చేతులూ ఎత్తేసి వెళ్ళిపోయాడు. ఈ రోజుల్లో మనుషులు నోరు తెరిచి మాట్లాడటం మానేశారని తాత తీర్మానించాడు.

కొడుకు మడమతో నేలని రెండుసార్లు తన్ని బదులు చెప్పాడు.

“ఒకచోట అబద్ధమని తేలిపోయింది గదా,” అన్నాడు తాత మెల్లగా, తనకి తనే నచ్చజెప్పుకుంటున్నట్టు. “ఇది మనకోసం రాసింది కాదమ్మా. ఎవరింటికో వెళ్ళాల్సింది, తోవ తప్పి మనింటికొచ్చింది.”

కోడలు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. పారేయడానికి చేతులు రాక గడియారం కింద ఉంచింది. నాలుగు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

“పడుకోనీలే, వేళయ్యాక లేపుదాం,” అన్నాడు భర్త.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని పెద్దముల్లునే చూస్తూ కూర్చుంది.

మూసిన తలుపు వెనక పిల్లాడు గంట నుంచీ ఏడుస్తున్నాడు.