మింగేసిన దీవెన

కరోనా రోజుల్లో మనవడు పుట్టాడని తెలిసి, మేకలతో సహా సరిహద్దు రాయి దాటి కెన్యాలోకొచ్చాడు పర్సలోయ్. అల్లుడి ముఖాన మాస్కు చూసి పగలబడి నవ్వాడు.

"ఏంటయ్యా కొయిలెకెన్, దూడకి కట్టినట్టు మూతికా చిక్కం?"

"మా సర్కారు కట్టమంది మామా. చీకటి పడితే గడప కూడా దాటనివ్వరు."

"మా టాంజానియాలో రోగమే లేదు పో! దేవుడికి మొక్కాం, పారిపోయింది."

"ఆ రాయి దగ్గర ఆగిపోయిందా మామా? మీ మేకలే ఆగలేదు!"

బాలింత నసియెకుకి విసుగొచ్చింది. మొగుడు చెప్పేదీ రేడియో మాటే, తండ్రి చెప్పేదీ రేడియో మాటే.

"మీ సర్కార్ల సంగతి తర్వాత. నాన్నా, ముందు వీణ్ణి దీవించు," అంటూ పసివాణ్ణి ముందుకు పట్టింది. తాత ఉమ్మి తుంపర నెత్తిన పడితేనే మాసాయి బిడ్డకి ఆయుష్షు.

ముసలాయన ఉమ్మి కూడగట్టుకుని వంగాడు. పసివాడు నోరంతా తెరిచి ఆవులించాడు. అంతే, పర్సలోయ్ తన నోట్లోని దీవెనను గుటుక్కున మింగేసి, భుజం మీది ఎర్ర దుప్పటిని ముక్కు దాకా లాక్కున్నాడు.

"అదేంటి నాన్నా! మీ దేశంలో రోగం లేదన్నావుగా?"

"దేశానికి లేదే తల్లీ," అన్నాడు దుప్పటిలోంచి. "తాతకుందో లేదో ఎవరు చూశారు?"