మద్రాసు గేరుబాక్సు

"చెయ్యి తియ్యండి పెద్దాయనా! అది ముట్టుకునే వస్తువు కాదు!"

మెకానిక్ ఆమోసు అరుపుకి బెజవాడ ఆటోనగర్‌లో పక్క షెడ్ల వాళ్లు కూడా తలలు తిప్పి చూశారు.

పెద్దాయన చెయ్యి తియ్యలేదు. బెంచీ మీద పక్కపక్కనే పెట్టిన రెండు గేరుబాక్సుల్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. మాసిన పంచె, చంకలో గుడ్డసంచి. ఏ బేరింగో కొనుక్కుపోవడానికి వచ్చిన పల్లెటూరి మనిషి అనుకున్నాడు ఆమోసు.

"ఈ ఫియట్‌కి ఏది బిగిస్తున్నావు బాబూ?"

"ఇదిగో, ఇది. మద్రాసు నుంచి తెప్పించాం. పందెం కారులో తిరిగిన సరుకు. ఆ రెండోది దీని సొంత గేరుబాక్సు, పాతది."

ఆమోసుకి ఆ మాత్రం గర్వం ఉండటంలో వింత లేదు. ఆదివారం తెల్లారగానే పందెం. బెజవాడ నుంచి చల్లపల్లి దాకా. ఇటు తిరుపతిరావు గారి ఫియట్, అటు చల్లపల్లి రామకోటేశ్వరరావు గారి హెరాల్డ్. కార్లు వాళ్లవే గానీ, పౌరుషాలు మెకానిక్‌లవి.

హెరాల్డ్‌ని తయారుచేస్తున్నవాడు చల్లపల్లి హనుమయ్య. ఆమోసు ఆయన్ని ఎన్నడూ చూడలేదు. పేరు మాత్రం విని విని విసుగెత్తిపోయాడు. "పనంటే హనుమయ్యదేనోయ్" అని టీకొట్టు దగ్గర ఎవరో అనేసరికి ఒళ్లు మండింది. ఓడినవాడు తన షెడ్డు బోర్డు తన చేత్తోనే దించెయ్యాలి, మళ్లీ పెట్టకూడదు అని హనుమయ్యకి కబురు పంపాడు.

సరేనని జవాబొచ్చింది.

ఆమోసు బోర్డు మీద ఉన్నది వాళ్లమ్మ ఎలిజబెత్ పేరు. చచ్చిపోయిన మనిషి పేరు పందెంలో పెడతావా అని భార్య మార్త నెత్తీ నోరూ బాదుకుంది. నోరు జారాక ఇంకేం చేస్తాడు?

"ఒక్కసారి తిప్పి చూస్తా" అంటూనే పెద్దాయన సుద్దముక్క తీసుకుని రెండింటికీ గుర్తులు పెట్టాడు. మూడో గేరులో వేసి, ముందు షాఫ్టు చేత్తో తిప్పుతూ, వెనక షాఫ్టు ఒక్క చుట్టు తిరగడానికి ఎన్ని చుట్లు పడుతున్నాయో లెక్కపెట్టాడు.

"పాతదానికి ఒకటిన్నర. మద్రాసుదానికి ఒకటీ పావు. ఇది చదును రోడ్డు మీద రాకెట్టే బాబూ. లాగుడే తక్కువ."

"మాకు కావలసింది స్పీడేనండీ."

"చల్లపల్లి దాకా కాలవల మీద వంతెనలు ఎన్నున్నాయో లెక్కపెట్టావా? అన్నీ గూని వంతెనలే. ఎక్కేముందు స్లో చెయ్యాలి. దిగగానే లాగాలి. పాతదే లాగుతుంది."

"పందెం వంతెనల మీద కాదు, రోడ్డు మీదండీ. మీ బస్సు తప్పిపోతుంది, బయల్దేరండి!"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు.

పెద్దాయనకి కోపం రాలేదు. "తప్పు గేరుబాక్సు బిగించిన బండిని చూస్తే నాకు ఆ పూట అన్నం సయించదయ్యా. అందుకని చెప్పా" అంటూ సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. కూర్చోమని గానీ, మంచినీళ్లు తాగమని గానీ ఆమోసు అనలేదు.

శనివారం పొద్దున్న ట్రయల్. ఆమోసు నడుపుతుంటే తిరుపతిరావు పక్కన కూర్చున్నాడు. కంకిపాడు దాకా బండి దూసుకుపోయింది. ఆ తర్వాత మొదటి వంతెన వచ్చింది. స్లో చేసి, దిగి, మూడో గేరు వేశాడు. బండి మూలిగింది. రెండో గేరు వేస్తే ఇంజను గోల పెట్టింది. ఇంతలో వెనక నుంచి గడ్డి లారీ ఒకటి వాళ్లని దాటిపోయింది. పైనున్న క్లీనరు చెయ్యి కూడా ఊపాడు!

"ఇదేంటోయ్, గడ్డి లారీ దాటేసింది!" తిరుపతిరావు మొహం మాడిపోయింది.

ఆమోసుకి బోర్డు మీది అమ్మ పేరు కళ్ల ముందు ఆడింది.

షెడ్డుకి రాగానే బండి జాకీల మీదకి ఎక్కింది. మద్రాసు గేరుబాక్సు దిగింది, పాతది ఎక్కింది. పొద్దు గుంకకముందే మళ్లీ అదే వంతెన. ఈసారి దిగీ దిగగానే బండి మేకపిల్లలా గెంతింది.

"భలే కనిపెట్టావోయ్!" అన్నాడు తిరుపతిరావు.

"మరేమనుకున్నారండీ!" అన్నాడు ఆమోసు. పెద్దాయన మాట ఎత్తనే లేదు.

ఆదివారం ఉయ్యూరు దాకా హెరాల్డే ముందుంది. అక్కణ్ణుంచి వంతెన వంతెనకీ దూరం తగ్గింది. పామర్రు దగ్గర రెండూ పక్కపక్కకి వచ్చాయి. కూచిపూడి దాటేసరికి హెరాల్డ్ అద్దంలో కనిపించింది. ఆమోసు స్టీరింగు మీద చరిచి కేక పెట్టాడు.

చల్లపల్లిలో ఈలలు, దండలు. ఓడిన రామకోటేశ్వరరావే వచ్చి చెయ్యి కలిపాడు. జనం ఆమోసుని భుజాల మీదకి ఎత్తుకున్నారు. "మా అమ్మ బోర్డు నిలబడిందిరోయ్!" అని అందరి ముందూ ఏడ్చేశాడు.

కళ్లు తుడుచుకోగానే పౌరుషం గుర్తొచ్చింది. "పదండి హనుమయ్య షెడ్డుకి! నా కళ్ల ముందు దించాలి!"

వెళ్లేసరికే ఎవరో నిచ్చెనెక్కి బోర్డు మేకులు పీకుతున్నారు. బోర్డు పట్టుకుని కిందికి దిగిన మనిషిని చూసి ఆమోసు ఎగిరి గంతేశాడు.

"పెద్దాయనా! మీరిక్కడ పనిచేస్తున్నారా? మీ మాటే గెలిపించిందండీ నన్ను!"

పెద్దాయన మొహం వెలిగిపోయింది. "పాతదే వేశావా? వంతెనలు దిగాక మూడో గేరు లాగిందా?"

"లాగడమేంటండీ, ఎగిరింది!"

"అదీ పనంటే!" అని భుజం తట్టాడు పెద్దాయన.

"ఇంతకీ మీ హనుమయ్య గారేరండీ? పిలవండి, ఒకసారి ఆయన మొహం చూడాలి."

పెద్దాయన బోర్డుని గోడకి ఆనించి, చేతుల దుమ్ము పంచెకి తుడుచుకుని, "నేనేనయ్యా" అన్నాడు.