వంతెన మీద దీపం

"కొత్త వంతెన మీద దీపం వేయాలని మళ్లీ ప్రతిపాదిస్తున్నాను," అంది ఆల్మా. 1953లో, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, ఆ ఊరి కౌన్సిల్లో ఆడమనిషి ఆమె ఒక్కతే.

"బలపరిచేవాళ్లున్నారా?" మేయర్ హాల్వర్సన్ ఆవలించాడు.

మిగతా ఇద్దరు సభ్యులూ కిటికీలోంచి మంచు చూస్తున్నారు.

"లేరు. వీగిపోయింది. రాత్రి షిఫ్టు దిగే మిల్లు ఆడాళ్లకి చీకటంటే భయమైతే ఇంటిపట్టున ఉండమనమ్మా. తర్వాతి అంశం, ఆ వంతెనకి మా నాన్న పేరు పెట్టడం."

ఆల్మా టోపీ పెట్టుకుని, చేతి తొడుగులు తొడుక్కుని లేచింది.

"ఎక్కడికి?"

"ఇంటిపట్టున ఉండటానికి."

నవ్వబోయిన మేయర్ కళ్లు ఖాళీ కుర్చీల మీద పడ్డాయి. జింకల వేట మొదలైందని ముగ్గురు సభ్యులు అడవికి పోయారు. మిగిలింది నలుగురే. ఆమె కూడా గడప దాటితే కోరం ఉండదు, సభే ఉండదు.

"కూర్చోమ్మా! రేపే ప్రారంభం. పేరు చెక్కిన పలక కూడా వచ్చేసింది!"

"చీకట్లో ఆ పేరు ఎవడు చదువుతాడు?" ఆల్మా తలుపు తీసింది. మంచుగాలి లోపలికి కొట్టింది.

మేయర్ పక్కనున్న సభ్యుణ్ణి మోచేత్తో పొడిచాడు.

"దీపాన్ని బలపరుస్తున్నా!" అతను ఉలిక్కిపడి అరిచాడు.

ఆల్మా వచ్చి కూర్చుంది. తొడుగులు మాత్రం తీయలేదు.

"ముందు దీపానికి ఓటేయండి. మీ నాన్నగారు కాసేపు చీకట్లో ఆగుతారు."