నిప్పురవ్వ దొంగ

నర్సరీలో బండి మళ్ళీ మొరాయించిందని ఫోన్ రాగానే మెకానిక్ ముసిముసిగా నవ్వుకున్నాడు. నవ్వడా మరి, అది మొరాయించేలా చేసింది తనే! పోయినసారి రిపేరుకు వెళ్ళినప్పుడు, కాయిల్ దగ్గర ఎర్త్ వైరును పట్టి ఉంచే బోల్టును స్పానరుతో బిగించకుండా వేళ్ళతో తిప్పి వదిలేసి వచ్చాడు. తోటలో గుంతల దారిన కొన్నాళ్ళు తిరిగితే చాలు, బోల్టు వదులవుతుంది, ప్లగ్‌లో నిప్పురవ్వ చస్తుంది, ఆవిడ ఫోన్ చేస్తుంది.

ఆవిడంటే నర్సరీ యజమానురాలు. బండి అంటే లావు చక్రాలు నాలుగూ, బైకు హ్యాండిలూ ఉన్న పాత ఏటీవీ. మొక్కల తొట్లు మోయడానికి ఆవిడకు అదే దిక్కు. ఆవిడా, మెకానిక్కూ ఇద్దరూ నడివయసు వాళ్ళే, ఇద్దరూ ఒంటరివాళ్ళే. కానీ "బాగున్నారా" దగ్గర మొదలుపెట్టి "బాగున్నాను" దగ్గర ఆగిపోయే ధైర్యం మెకానిక్‌ది. మనసులో మాట చెప్పలేక పాపం బోల్టును రాయబారం పంపుతున్నాడు.

తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్ళేసరికి షెడ్డులో బండి పక్కన కుర్చీ వేసుకుని ఓ మీసాలాయన కూర్చున్నాడు.

"మా అన్నయ్య. పోలీసు ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు," అని చెప్పి, ఆవిడ మొక్కలకు నీళ్ళు పట్టడానికి వెళ్ళిపోయింది.

మెకానిక్ చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, వచ్చినప్పుడల్లా ఎర్త్ బోల్టు వదులైందంటావట. మా చెల్లి చెప్పింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తనంతట తను అన్నిసార్లు వదులవుతుందా అది?"

"పాత బండి కదండీ. పెద్ద వయసులో పళ్ళు కదిలినట్టు..."

"నా పళ్ళు గట్టిగానే ఉన్నాయి. ఈసారి కూడా ఆ బోల్టే అయితే నేను మార్చేది బోల్టును కాదు, మెకానిక్‌ను. తెలిసిందా?"

తెలిసింది. అదే జరిగితే ఇక ఈ గేటు లోపల అడుగుపెట్టలేడనీ, ఆవిడను చూడ్డానికి ఇంకో వంక దొరకదనీ కూడా తెలిసింది. దిగులుగా పనిముట్ల పెట్టె తెరిచాడు.

ప్లగ్ విప్పి, ఇంజనుకు ఆనించి, సెల్ఫ్ నొక్కాడు. రవ్వ లేదు. రాదని తెలిసినా ఆశ్చర్యపోయినట్టు కనుబొమలెగరేశాడు. కొత్త ప్లగ్ పెట్టి చూశాడు. హ్యాండిల్ మీది ఆఫ్ స్విచ్‌ను అటూ ఇటూ నొక్కాడు. ఇదంతా బోల్టు జోలికి పోకుండా కాలయాపన చేయడమే. ఇన్‌స్పెక్టర్ మాత్రం కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు.

చివరికి సీటు ఎత్తక తప్పలేదు. పెద్దాయన కళ్ళు పడకముందే గుట్టుచప్పుడు కాకుండా బోల్టు బిగించేద్దామని చెయ్యి లోపలికి పోనిచ్చాడు.

బోల్టు కదల్లేదు. ఎవరో స్పానరు పెట్టి బిగించినట్టు బిర్రుగా ఉంది.

మెకానిక్ మళ్ళీ తడిమి చూశాడు. బోల్టు బిగిసి ఉంటే రవ్వ ఎందుకు రావడం లేదు? అసలు దాన్ని బిగించిందెవరు? ఇన్నాళ్ళూ తనే జబ్బు తెప్పించి తనే మందిచ్చాడు. ఇప్పుడు నిజంగానే జబ్బేమిటో కనుక్కోవాల్సి వచ్చింది. మీటరు పెట్టి కాయిల్ చూశాడు, బాగుంది. వైర్లన్నీ తడిమాడు, ఎక్కడా తెగలేదు. రవ్వ ఎప్పుడు రావాలో చెప్పే చిన్న నల్లపెట్టె దగ్గర చెయ్యి ఆగింది. దాని కనెక్టర్ చూడ్డానికి బిగిసినట్టే ఉంది కానీ సగం బయటికి వచ్చేసి ఉంది. దానికో ప్లాస్టిక్ కొక్కెం ఉంటుంది. వేలితో నొక్కి లాగితే తప్ప ఊడదు.

అంటే ఇది ఇన్‌స్పెక్టర్ పన్నిన వల! తన బోల్టు బిగించేసి, ఇక్కడ కనెక్టర్ ఊడదీసి, తను ఏ అబద్ధమాడతాడోనని కాచుకుని కూర్చున్నాడు.

"దొరికిందా?" ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. "ఊడిందా, ఊడదీశారా?"

"ఊడదీశారండీ. దానంతటది రాదు," అనేశాడు మెకానిక్, ఎలాగూ అయిపోయిందనుకుని.

"అనుకున్నా!" ఇన్‌స్పెక్టర్ తొడ చరిచి లేచాడు. మెకానిక్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "పొద్దున నేనే దీని మీద తోటంతా తిరిగొచ్చి ఇక్కడ పెట్టా. అప్పుడు బంగారంలా నడిచింది. నువ్వేమో ఇప్పుడే వచ్చావు. అనవసరంగా నిన్ను అనుమానించానయ్యా, ఏమనుకోకు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, నేను పడతా చూడు. ముందు ఆ తోటమాలి సంగతి తేలుస్తా!"

మీసం దువ్వుకుంటూ ఆయన తోటలోకి నడిచాడు. మెకానిక్ కనెక్టర్‌ను టక్కున నొక్కి, సెల్ఫ్ కొట్టి చూశాడు. ప్లగ్‌లో నీలిరంగు రవ్వ చిటపటలాడింది. ప్లగ్ బిగించి మళ్ళీ సెల్ఫ్ నొక్కగానే బండి గురగురమంది. ఆ చప్పుడు విని ఆవిడ టీ గ్లాసుతో వచ్చింది.

"గండం గడిచిందండీ," అన్నాడు మెకానిక్ గ్లాసు అందుకుంటూ. "కానీ ఆ దొంగ ఎవరో అంతుపట్టడం లేదు. ఆ బోల్టు చూస్తేనేమో..." అని చటుక్కున నాలుక కరుచుకున్నాడు.

ఆవిడ అన్న వెళ్ళిన వైపు ఓసారి చూసి, నవ్వాపుకుంటూ గొంతు తగ్గించింది.

"ఆ బోల్టు మీరు గేటు దాటగానే నేను బిగించేస్తానండీ, మళ్ళీ మిమ్మల్ని చూడాలనిపించిన రోజే వదులు చేస్తా, ఈసారి అన్నయ్య దాని మీద కన్నేశాడని చోటు మార్చాల్సి వచ్చింది."