గుంతల మీద గుర్తులు

నాగరాజు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి కట్టెను పీకాడు.

కొసకు ఎర్ర గుడ్డ పేలిక కట్టి ఉంది. అడుగు తడిగా ఉన్నా, పైసగం ఎండకు పెళుసుబారింది.

"ఇంకో మూడు పట్కరా. కోడి ఉడకాలె గదా," ఒడ్డు మీంచి అరిచాడు రహీమ్.

ఇద్దరూ బడిపంతుళ్ళే. ఒకరి బడి కరీంనగర్‌లో, ఇంకొకరిది నిర్మల్‌లో. ఎండాకాలం సెలవులకు సొంతూరు లక్సెట్టిపేట చేరి ఇరవై రోజులైంది.

పదింటికి లేవడం. తిని పడుకోవడం. లేచి ఫోన్ చూడడం. పొద్దు వాలితే గోదావరి ఇసుకలో పేకాట.

ఈరోజు ఏ వారమో కూడా నాగరాజుకు పట్టడం లేదు.

"కట్టెలు ముట్టకుండ్రి సార్!"

అరవై దాటిన మనిషొకడు ఇసుకలో పరుగెత్తలేక పరుగెత్తుతూ వచ్చాడు. రోజూ ఆ ఒడ్డునే ఊరికే కూర్చుని, నీళ్ళలోకి దిగినవాళ్ళందరి మీదా కేకలేస్తుంటాడు.

"గోదారి నీ బాపు జాగీరా?" అన్నాడు రహీమ్.

"ఆడ ఇసుక తీసిన గుంతలున్నయి సార్. మనిషి మునిగేంత లోతు. పైకి కనబడది. గా కట్టెలే గుర్తు."

"మేం చిన్నప్పటి సంది గీడనే ఈత కొట్టినోళ్ళం తాతా," నాగరాజు నవ్వాడు.

"గప్పటి గోదారి కాదు సార్ గిది."

"సరే తీ. జర పక్కకు కూసో. ఉడికినంక నీకో ముక్క పెడ్తం."

ముసలాయన కూర్చోలేదు. నాలుగు కట్టెలూ కాలేదాకా నిలబడి చూశాడు.

"రేపు మళ్ళ పాతుకుంట," అని తనలో తనే అనుకుంటూ వెళ్ళిపోయాడు.

కూర బాగా కుదిరింది.

మర్నాడు పది గంటలకు నాగరాజును వాళ్ళవ్వ తట్టి లేపింది.

"గోదారిల ఎవలో మునిగిండ్రట కొడుకా."

వెళ్ళాడు. వేరే పనేముంది?

ఇసుక మీద ముసలాయన పడుకున్నట్టే ఉన్నాడు. పక్కన కొత్త కట్టెల మోపు. ప్రతి కట్టెకూ ఎర్ర గుడ్డ.

"ఎట్లయింది?" నాగరాజు అడిగాడు.

"గుర్తులు లేకపాయె. గుంతల కాలు పడ్డది. హనుమండ్లు తాతకు ఈత రాదు," అన్నాడు, శవాన్ని బయటికి తెచ్చిన బెస్త భూమన్న.

"ఈత రాకుంట గా పనెందుకు?"

"రెండేండ్ల కింద సెలవులల్ల ముగ్గురు పోరగాండ్లు గీ గుంతలల్లనే పోయిండ్రు సార్. గా తెల్లారి సంది వచ్చి గీడనే కూసుంటుండు. అప్పటి సంది ఒక్కలు పోలే."

"ఆయన పిల్లలా?"

"కాదు. ఆయనకు పిల్లలే లేరు."

జేబులో ఫోన్ మోగింది. రహీమ్. నాగరాజు ఎత్తలేదు. అది మోగి మోగి ఆగిపోయింది.

ఏడుపు రాలేదు. భయం కూడా వేయలేదు. ఇసుక కాళ్ళను కాలుస్తోందన్న సంగతి మాత్రం ఎవరికో జరుగుతున్నట్టు తెలుస్తోంది.

శవం కాళ్ళ దగ్గర ఆయన భార్య కనకవ్వ కూర్చుంది. ఆమె కూడా ఏడవడం లేదు. నాగరాజు ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా... నిన్న గా కట్టెలు పీకింది నేనే."

ఆమె అతని వైపు చూసింది. కోపం లేదు.

"ఎవలో ఒకలు పీకుతనే ఉంటరు కొడుకా. ఆయన మళ్ళ పాతుతనే ఉంటుండె."

"మీరు వద్దనలేదా?"

"అన్న. ఇంటె గదా."

భర్త కాలికంటిన ఇసుకను కొంగుతో తుడుస్తూ, కనకవ్వ మెల్లగా అన్నది.

"గా గుంతలు తవ్విన మిషిన్ నడిపింది ఆయననే."