బెస్ గుర్తుపట్టిన మనిషి

శవపేటిక మోయడానికి నలుగురు కావాలి. గని కార్మికుల క్లబ్బులో ఒక్కడూ కుర్చీలోంచి కదల్లేదు.

"నార్మన్‌నా? మేమా?" రెగ్ బీరు గ్లాసు పక్కన పెట్టాడు. "ఇంకేదన్నా అడుగు వదినా."

ఎల్సీ తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఆ ఊళ్ళో గని కార్మికుడు పోతే బండిలో తీసుకెళ్ళరు. భూమి కింద అతనితో పనిచేసినవాళ్ళే ఇంటి నుంచి చర్చి దాకా భుజాల మీద మోస్తారు. గని మూతపడి ఏళ్ళయినా ఆ పద్ధతి పోలేదు. రేపు నార్మన్‌ని వ్యానులో పంపిస్తే చచ్చాక కూడా వెలివేసినట్టే.

"మా పక్కింటి మనిషి కదా, రెగ్. అతనికి నా అన్నవాళ్ళు లేరు."

"ఎట్లా ఉంటారు? సమ్మెలో మనమంతా పస్తులుంటే, ముసుగేసుకుని పనిలోకి పోయాడు. ద్రోహి."

ఆ చలికాలాన్ని ఎవరూ మరిచిపోలేదు. బొగ్గు తవ్వే ఊళ్ళో పొయ్యిలోకి బొగ్గు లేదు. ఎల్సీ ఇంట్లోనైతే పసిపిల్ల ఊయల కూడా విరిచి పొయ్యిలో పెట్టారు. అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున, పనిలోకి వచ్చేవాళ్ళని ఎక్కించుకోవడానికి, రాళ్ళు తగలకుండా కిటికీలకు ఇనప జాలీలు బిగించుకుని గని బస్సు వచ్చింది. ఇళ్ళ వెనక సందులోంచి ముసుగు మనిషి ఒకడు బయటికొచ్చాడు. ఎవడో పోల్చుకోలేక జనం తిట్లు లంకించుకున్నారు. ఇంతలో నార్మన్ కుక్క బెస్ పరుగెత్తుకొచ్చి, తోకాడిస్తూ అతని కాళ్ళకు చుట్టుకుంది.

ఇంకేముంది, ఊరంతటికీ తెలిసిపోయింది. ఆ మనిషి మర్నాటి నుంచి మళ్ళీ బస్సెక్కలేదు. అయినా నార్మన్‌తో ఎవరూ మాట్లాడలేదు. అతనూ ఔననీ కాదనీ అనలేదు.

"నువ్వు మాత్రం మాట్లాడావా?" అన్నాడు రెగ్. "ఎదురొస్తే మొహం తిప్పుకునేదానివి. ఇప్పుడు పోయాక ప్రేమ పొంగుకొచ్చిందా?"

వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఎల్సీ తలొంచుకుంది. అతను చెప్పింది నిజమే. ఆ సిగ్గు ఆమెను ఇన్నేళ్ళూ తింటూనే ఉంది.

రెగ్ గోడ వైపు చెయ్యి చూపించాడు. సమ్మె జెండా పట్టుకుని నవ్వుతున్న ఎల్సీ భర్త విల్ఫ్ ఫోటో అక్కడ వేలాడుతోంది.

"మీ విల్ఫ్‌ని మోసిన భుజాలివి. గనిలో విల్ఫూ నార్మనూ జతగాళ్ళు. ఒకడి ప్రాణం ఇంకొకడి చేతిలో ఉండేది. అట్లాంటి జతగాడి కడుపు కొట్టాడు వాడు. వాణ్ణి మేం మోస్తే విల్ఫ్ ఏమనుకుంటాడు చెప్పు."

"అది నార్మన్ కాదేమో రెగ్."

"మనుషులు పొరబడతారు వదినా. కుక్క పొరబడదు."

ఎల్సీ లోపలికొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫోటో వైపు ఇంకొక్కసారి చూసింది.

"బెస్ పొరబడలేదు," అంది. "రోజూ గని నుంచి రాగానే తన తిండి డబ్బాలో మిగిల్చిన రొట్టె ముక్క దానికి పెట్టింది మా విల్ఫే, ఆ ముసుగుకి కళ్ళ దగ్గర కన్నాలు కత్తిరించింది నేనే."