మూడో డిస్కు

"రెండు డిస్కులూ ఒకే డబ్బాలోవి తీసుకోకండి సార్."

దేవప్రసాద్ తల తిప్పి చూశాడు.

వెలిసిపోయిన చొక్కా, మోకాళ్లదాకా మడిచిన ప్యాంటు, బురద చెప్పులు. అండమాన్‌లో, మిడిల్ పాయింట్ బజారులో కంప్యూటర్ షాపుకొచ్చే మనిషిలా లేడు.

"ఎందుకని?" అన్నాడు దేవప్రసాద్.

"ఒకే లాట్‌లో వచ్చినవి ఏక్ సాథ్, ఒకేసారి పోతాయి సార్. వేరే కంపెనీది ఒకటి కలపండి. ఇంకోటి కూడా కొని, పాటో ఫొటోనో ఏదైతే అది ఎక్కించి, వేరే ఇంట్లో దాచండి. ఒకటి పోతే మనకి కొత్తది ఓడలో రావాలి కదా."

షాపు యజమాని కన్నారావు మూడో డిస్కు కూడా తీసి బల్లమీద పెట్టాడు. ఇంకోటి అమ్ముడుపోతే అతనికి చేదా?

దేవప్రసాద్ ఇరవై ఎనిమిదేళ్లు గవర్నమెంటు ఆఫీసులో కొనుగోళ్ల సెక్షను చూసి రిటైరైనవాడు. మూడు కొటేషన్లు లేనిదే గుండుసూది కూడా కొననిచ్చేవాడు కాదు. అడక్కుండా ఎవరైనా మంచిమాట చెబితే, ఇందులో వీడికెంత అని లెక్కవేయడం ఆయనకి ఉద్యోగంతో పాటు అంటుకున్న జబ్బు. ఉద్యోగం పోయింది, జబ్బు ఉండిపోయింది.

"లోపల ఏం దాచుకుంటారు సార్?" అని అడిగాడు ఆ మనిషి మళ్లీ.

"నీకెందుకయ్యా? కన్నారావు నీకెంత కమీషన్ ఇస్తున్నాడు?"

ఆ మనిషి మొహం ఎర్రబడింది. తను వచ్చిన పని కూడా చూసుకోకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

దేవప్రసాద్ ఒకే డబ్బాలోంచి రెండు డిస్కులు తీసుకున్నాడు. వాటిని పెట్టే మెరిసే క్యాబినెట్ కూడా కొన్నాడు. బ్రోకర్ మాయలో పడనందుకు దారంతా తనని తానే మెచ్చుకున్నాడు.

దాచుకోవలసింది చిన్న వస్తువు కాదు. పోయినేడు చనిపోయిన భార్య పుష్పవతి గొంతు.

తెలుగు చర్చిలో ఇరవై ఏళ్లు పాట ఎత్తుకున్నది ఆవిడే. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ పాటల పుస్తకం చదవడం రాదు. ఆవిడ పాడితే విని నేర్చుకునేవాళ్లు. ఆవిడ పోయాక చర్చిలో పాట రెండో చరణం దాటడం లేదు.

ఆవిడ పాటలతో ఇంట్లో ఉన్న పద్దెనిమిది క్యాసెట్లకి బూజు పడుతోంది. ఇంటర్నెట్‌లో పెట్టుకోమని చెప్పేవాళ్లు చెప్పారు గానీ, ఆ రోజుల్లో అండమాన్‌లో ఒక్క ఫొటో పైకి వెళ్లేలోపు అన్నం ఉడికేది. అందుకే ఇంట్లోనే సర్వర్ పెట్టుకున్నాడు. పాటలన్నీ రెండు డిస్కుల్లోనూ ఎక్కించాడు. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. ఆ ధైర్యంతో బూజు క్యాసెట్లు పారేశాడు.

రాత్రి పడుకునే ముందు ఒక పాట వినేవాడు. ఆవిడ వంటింట్లో ఉన్నట్టే అనిపించేది.

వానల్లో మొదటి డిస్కు పోయింది.

ఆయన కంగారు పడలేదు. కన్నారావుకి చెప్పి కొత్తది తెప్పించమన్నాడు. సముద్రం బాగోలేక చెన్నైలో ఓడ ఆగిపోయింది. ఇవాళ రేపు అంటూ పదకొండు రోజులు గడిచాయి.

పన్నెండో రోజున రెండో డిస్కు కూడా పోయింది.

తర్వాత మూడు రోజులు దేవప్రసాద్ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. పుష్పవతి రెండోసారి చనిపోయినట్టుంది ఆయనకి. ఈసారి చంపింది తనే.

ఆ రోజు షాపులో సలహా చెప్పిన మనిషి ఎవరు, ఎక్కడుంటాడు అని కన్నారావుని అడిగాడు. పోలిరాజు అని, రేవు అవతల బాంబూఫ్లాట్‌లో ఉంటాడని, పాడైన డిస్కుల్లోంచి కూడా పాటలు, ఫొటోలు బయటికి తీయగలడని కన్నారావు చెప్పాడు. అంత పనివాడని ఆ రోజే ఎందుకు చెప్పలేదంటే, మీరు అడగలేదు కదా అన్నాడు.

పాడైన డిస్కులు పట్టుకుని చాతం రేవు నుంచి ఫెర్రీ ఎక్కి వెళ్లాడు. పోలిరాజు భార్య నూకరత్నం కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చింది.

పోలిరాజు జ్వరం వచ్చి పోయాడట. నలభై రోజులైందట. కంప్యూటర్, డిస్కులు అన్నీ ఏం చేసుకోవాలో తెలీక తుక్కువాడికి ఇచ్చేసిందట. పోయిన వారం ఆ తుక్కంతా ఓడలో మెయిన్‌లాండ్ వెళ్లిపోయిందట.

"మీదేం పోయింది భయ్యా?" అని అడిగింది.

ఇప్పుడు చెప్పడానికి ఆయనకి అభ్యంతరం లేకపోయింది.

"మా ఆవిడ పాటలమ్మా. చర్చిలో పాడేది. పుష్పవతి."

నూకరత్నం గుమ్మం పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

"చర్చివాళ్లకి ఇద్దామనే ఓ రోజు మిడిల్ పాయింట్‌లో డిస్కు కొనడానికెళ్లాడు భయ్యా. అక్కడెవరో పెద్దమనిషి కమీషన్‌గాడివన్నాడంట. ఉత్తచేతుల్తో వచ్చేశాడు. ఇంక నేనేం పట్టుకెళ్లినా డబ్బుకోసమే అనుకుంటారే అన్నాడు. ఛోడ్ దియా. మళ్లీ ఆ ఊసెత్తలేదు."

ఆ పెద్దమనిషి తనే. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"చర్చికి ఏమిద్దామనుకున్నాడమ్మా?" అన్నాడు చివరికి.

"మా అత్త మంచాన పడ్డాక మీ ఆవిడ పాట వింటేగానీ నిద్రపోయేది కాదు భయ్యా, అందుకని తొమ్మిదేళ్లు ప్రతి ఆదివారం ఫెర్రీ దాటొచ్చి, మీ చర్చి కిటికీ బయట నిలబడి ఒక్క పాట వదలకుండా రికార్డు చేసి ఆ డిస్కుల్లో దాచుకున్నది మా ఆయనే."